సెల్ఫ్ తిరుగుతోంది, బండి అందుకోవట్లేదు: పాత రోటరీ కారులో లోపం ఎక్కడ?

సోంపేట, కవిటి, టెక్కలి వైపు నుంచి గల్ఫ్ వెళ్లే కుర్రాళ్లలో వెల్డర్లు, ఫిట్టర్లతో పాటు కార్ల మెకానిక్కులూ ఉన్నారు. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఒక షెడ్డులో నాలుగైదేళ్లు మారుతి, టాటా, మహీంద్రా బళ్ల కింద పడుకుని పని నేర్చినవాళ్లు. షార్జాలో ఏదో గ్యారేజీలో చేరతారు. ఒకరోజు రికవరీ బండి మీంచి రోటరీ ఇంజిన్ ఉన్న మజ్దా ఆర్‌ఎక్స్-8 కారు దిగుతుంది. ఓనరు తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. బానెట్ ఎత్తితే చేతికి అలవాటైన హెడ్డు లేదు, వాల్వులు లేవు, టైమింగ్ చైను లేదు.

అప్పుడు ఇంటివైపు ఫోన్లు మొదలవుతాయి. నా దగ్గర పాఠం విన్న పిల్లలు పంపే వాయిస్ మెసేజ్‌లలో ప్రశ్న దాదాపు ఒకటే: "మాస్టారూ, సెల్ఫ్ బాగానే తిరుగుతంది, ఇంజినే అందుకోట్లేదు. ఒకడు ఇంజిన్ పోనాది, దించీమంతన్నాడు. ఇంకొకడు ఓవర్‌ఫ్లో తప్ప ఏటీ నేదంతన్నాడు. ఎవుడి మాట నమ్మాల?"

మొదటి మాట నిజమైతే ఇంజిన్ మొత్తం విప్పాలి. రెండోది నిజమైతే, అంటే లోపల పెట్రోలు ఎక్కువై నిలిచిపోవడమే అయితే, కొత్త ప్లగ్గులు, బాగా చార్జి ఉన్న బ్యాటరీ, రెండు గంటల ఓపిక చాలు. ఖర్చులో ఇంత దూరం ఉన్న ఈ రెండు జబ్బులూ బయటికి ఒకేలా కనిపిస్తాయి, ఒకేలా వినిపిస్తాయి. లోపలి ఒత్తిడి కొలిచే గేజీ పెట్టి చూసినా మొదటిసారికి ఒకేలా చూపించవచ్చు. నిక్షేపంలాంటి ఇంజిన్లు "పోయాయి" అనిపించుకుని తుక్కుకు వెళ్లేదీ, సీలు విరిగిన ఇంజిన్లు "బాగానే ఉన్నాయి" అనిపించుకుని ఎవరికో అంటగట్టబడేదీ ఇక్కడే. అలా ఎందుకవుతుందో అర్థం కావాలంటే ఇంజిన్ లోపలికి వెళ్లాలి.

పిస్టన్ లేకుండా అవే నాలుగు పనులు

జర్మన్ ఇంజినీరు ఫెలిక్స్ వాంకెల్ ఆలోచన ఇది. 1957లో ఎన్‌ఎస్‌యూ కంపెనీలో తొలి నమూనా తిరిగింది. చాలా కంపెనీలు ప్రయత్నించి వదిలేశాయి, జపాన్‌లోని మజ్దా మాత్రం పట్టు వదలలేదు. 1967లో కాస్మో స్పోర్ట్, 1978 నుంచి 2002 దాకా ఆర్‌ఎక్స్-7, 2003 నుంచి 2012 దాకా ఆర్‌ఎక్స్-8 తయారుచేసింది. 1991లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల పందెం గెలిచిన 787బి కారులో ఉన్నదీ రోటరీయే. మనకూ ఈ ఇంజిన్ పూర్తిగా కొత్తేమీ కాదు. మన దేశంలో తయారైన వాంకెల్ ఇంజిన్‌తో 'నిశాంత్' అనే పైలట్ లేని విమానం 2009లో కోలార్ దగ్గర ఎగిరింది.

నడుం దగ్గర కాస్త లోపలికి నొక్కుకున్న అండాకారపు గదిని ఊహించుకోండి. దాన్ని హౌసింగ్ అంటారు. అందులో పక్కలు ఉబ్బిన త్రిభుజం ఆకారంలో రోటార్ తిరుగుతుంటుంది. దాని మూడు మూలలూ ఎప్పుడూ గోడను తాకుతూనే ఉంటాయి. కాబట్టి రోటార్ మూడు ముఖాలకూ గోడకూ మధ్య మూడు ఖాళీలు ఏర్పడతాయి. రోటార్ తిరిగేకొద్దీ ఒక్కో ఖాళీ పెద్దదవుతూ గాలీ పెట్రోలూ పీల్చుకుంటుంది, చిన్నదవుతూ నొక్కుతుంది (ఇదే కంప్రెషన్), మండి తోస్తుంది, పొగ వదులుతుంది. పిస్టన్ ఇంజిన్ చేసే నాలుగు పనులే, కాకపోతే ఒక్కోటీ గదిలో ఒక్కో చోట జరుగుతుంది.

రోటార్ ఒక చుట్టు తిరిగేసరికి మధ్యలోని షాఫ్ట్ మూడు చుట్లు తిరుగుతుంది. అంటే షాఫ్ట్ ఒక చుట్టుకు ఒక్కో రోటార్‌లో ఒక కంప్రెషన్. ఈ లెక్క తర్వాత బాగా పనికొస్తుంది.

ఆర్‌ఎక్స్-8లోనూ, చాలా ఆర్‌ఎక్స్-7లలోనూ ఉండేది 13బి కుటుంబపు ఇంజిన్. రెండు రోటార్లు, ఒక్కోటి 654 సీసీ, కలిపి 1308 సీసీ. అంతకుముందు ఆర్‌ఎక్స్-7లలో ఉన్న 12ఏ ఇంజిన్ 1146 సీసీ.

పిస్టన్‌కి ఉంగరాల్లా చుట్టూ రింగులుంటాయి. రోటార్‌కి ఆ సౌకర్యం లేదు. ప్రతి మూలలో ఒక సన్నటి లోహపు పట్టీ, వెనక స్ప్రింగు. అదే ఏపెక్స్ సీలు. 1986 తర్వాతి 13బి ఇంజిన్లలో దాని మందం 2 మిల్లీమీటర్లు. పక్కలకు సైడ్ సీళ్లు, మూలలు కలిసే చోట కార్నర్ సీళ్లు ఉంటాయి. పక్కపక్క ఖాళీల మధ్య గాలి దాటకుండా ఆపేది ఆ ఒక్క పట్టీ గోడను ఆనుకునే ఒకే ఒక్క గీత. ఆ గీత మీద పల్చగా ఆయిల్ ఉండాలి. అందుకే ఇంజిన్ ఆయిల్‌ని కొద్దికొద్దిగా తీసి లోపలికి పంపే చిన్న పంపును మజ్దా పెట్టింది. రోటరీ ఆయిల్ తాగుతుందంటే అది రోగం కాదు, దాని తిండి. ఆయిల్ తగ్గలేదని సంబరపడే ఓనరు నిజానికి ఆ పంపు పనిచేస్తోందో లేదో చూపించుకోవాలి.

ఓవర్‌ఫ్లో అయితే కంప్రెషన్ ఎందుకు మాయమవుతుంది

కార్బొరేటర్ కాలపు బళ్లలో ఓవర్‌ఫ్లో అంటే ప్లగ్గు తడవడమే. ప్లగ్గు విప్పి తుడిచి, కాసేపు ఆగి మళ్లీ కొడితే బండి అందుకునేది. రోటరీలో పెట్రోలు ప్లగ్గును తడపడంతో ఆగదు. సీలు మీదున్న ఆయిల్ పొరను కడిగేస్తుంది. పొర పోతే గీత దగ్గర పట్టు పోతుంది. పట్టు పోతే కంప్రెషన్ పడిపోతుంది.

మన ఊళ్లలో బోరింగును కొన్నాళ్లు కొట్టకుండా వదిలేస్తే లోపలి తోలు వాషరు ఎండిపోయి, ఎంత కొట్టినా నీళ్లు ఎక్కవు. పైనుంచి చెంబుడు నీళ్లు పోస్తే వాషరు తడిసి పట్టు దొరుకుతుంది. బోరు ఎండలేదు, వాషరు చిరగలేదు, తడి లేదంతే. కడిగేసిన ఏపెక్స్ సీలు పరిస్థితీ అదే, దానికి కావలసిన తడి ఆయిల్.

ఇక్కడినుంచి ఒక విషవలయం మొదలవుతుంది. కంప్రెషన్ లేదు కాబట్టి ఇంజిన్ అందుకోదు. అందుకోలేదని ఓనరు మళ్లీ సెల్ఫ్ కొడతాడు. కొట్టిన ప్రతిసారీ ఇంజెక్టర్లు ఇంకాస్త పెట్రోలు పోస్తాయి. మిగిలిన ఆయిల్ కూడా కడుక్కుపోతుంది. ఈలోగా బ్యాటరీ డౌన్ అవుతుంది, సెల్ఫ్ నెమ్మదిస్తుంది. ఉదయం ఒక్క చిన్న కారణంతో మొదలైనది మధ్యాహ్నానికి అచ్చంగా చచ్చిన ఇంజిన్‌లా తయారవుతుంది.

మొదటి కారణం చాలాసార్లు అమాయకమైనదే. చల్లటి ఇంజిన్‌ని స్టార్ట్ చేసి, వెనక బండికి దారి ఇవ్వడానికి నాలుగు గజాలు జరిపి, వెంటనే ఆపేయడం. చల్లగా ఉన్నప్పుడు కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. అది పూర్తిగా కాలకముందే తాళం ఆపేస్తే లోపలే మిగిలిపోతుంది. అందుకే రోటరీ ఓనర్లు ఒకసారి స్టార్ట్ చేస్తే ఇంజిన్ వేడెక్కేదాకా ఆపరు. ఆపేముందు కాస్త రేస్ ఇచ్చి ఆపే అలవాటు కూడా కొందరికి ఉంది. దానివల్ల ఎంత లాభమో వాళ్లలో వాళ్లకే ఏకాభిప్రాయం లేదు. నా దృష్టిలో ఆ చివరి రేస్ కంటే, పూర్తిగా వేడెక్కనివ్వడమే ఎక్కువ పనిచేస్తుంది.

ఆర్‌ఎక్స్-8లో దీనికి కంపెనీయే ఒక దారి పెట్టింది. ఎక్స్‌లేటర్‌ని నేలదాకా తొక్కిపట్టి సెల్ఫ్ కొడితే కంప్యూటర్ ఇంజెక్టర్లను ఆపేస్తుంది. గాలి మాత్రమే లోపలికి వెళ్లి పెట్రోలును బయటికి తోస్తుంది. సగం తొక్కితే ఇది జరగదు. కార్బొరేటర్ ఉన్న పాత 12ఏ బళ్లలో ఎక్స్‌లేటర్‌ని పదేపదే తొక్కి వదిలితే ప్రతి తొక్కుకీ ఒక చిమ్ము పెట్రోలు అదనంగా పడుతుంది. కాబట్టి అక్కడ తొక్కి అలాగే పట్టి ఉంచడం వేరు, ఆడించడం వేరు. ఇంజెక్షన్ ఉన్న పాత ఆర్‌ఎక్స్-7లలో పెట్రోలు పంపు లేదా ఇంజెక్టర్ల ఫ్యూజు తీసి సెల్ఫ్ కొట్టడం మెకానిక్కుల వాడుక.

సెల్ఫ్ తిరుగుతోంది సరే, ఎంత వేగంగా?

"సెల్ఫ్ బాగానే తిరుగుతంది" అన్న మాటను నేను వెంటనే నమ్మను. మారుతి ఇంజిన్ అందుకునే వేగం రోటరీకి చాలదు. సీళ్లు గోడకు ఆనుకోవడానికి స్ప్రింగుతో పాటు గ్యాస్ ఒత్తిడి కూడా సాయం చేస్తుంది. నెమ్మదిగా తిరిగితే ఆ సందుల్లోంచి గాలి జారిపోయే సమయం దొరుకుతుంది. మజ్దా కంప్రెషన్ పరిమితులన్నీ నిమిషానికి 250 చుట్ల వేగానికి చెప్పినవి. ఆర్‌ఎక్స్-8 తొలి మోడళ్ల స్టార్టర్ బలహీనమైనదని తేలి, కంపెనీ తర్వాత ఎక్కువ వేగంగా తిప్పే స్టార్టర్‌ని తెచ్చింది. స్టార్టర్ మారిస్తే "చచ్చిన" ఇంజిన్ లేచి కూర్చున్న సందర్భాలు అందుకే వింటుంటాం.

బ్యాటరీ సంగతి మల్టీమీటర్ చెబుతుంది. కదపకుండా ఉన్నప్పుడు 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి దిగితే బ్యాటరీయో, వైర్లో, స్టార్టరో ఒకటి అనుమానించాలి. బ్యాటరీ కొత్తదే అయినా, ఇంజిన్‌కి వెళ్లే ఎర్త్ వైరు కొస దగ్గర పచ్చగా తుప్పు పట్టి ఉంటే స్టార్టర్‌కి కరెంట్ సరిగా చేరదు. సముద్రం గాలి తగిలే ఊళ్లలో, అది కళింగపట్నమైనా షార్జా అయినా, ఆ పచ్చటి తుప్పు మామూలే.

వేగం కొలవడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. ఒక రోటార్ పై ప్లగ్గు విప్పి, పెట్రోలూ ఇగ్నిషనూ ఆపి సెల్ఫ్ కొడితే ఆ రంధ్రంలోంచి "ఫుస్, ఫుస్, ఫుస్" అని గాలి వస్తుంది. షాఫ్ట్ ఒక చుట్టుకు ఒక ఫుస్. ఫోన్‌లో వీడియో తీసి, వేగం తగ్గించి లెక్కపెడితే చాలు. అయిదు సెకన్లలో 21 వస్తే, 12తో హెచ్చిస్తే 252. వేగం సరిపోయింది. అయిదు సెకన్లలో 15 మాత్రమే వస్తే 180. ఆ వేగంలో ఆ ఇంజిన్ గురించి ఏ తీర్పూ చెప్పలేం.

ఆ చప్పుడులోనే ఇంకో విశేషం ఉంది. మూడు ఫుస్‌లూ సమానంగా వినిపిస్తే మూడు ముఖాలూ దాదాపు ఒకే స్థితిలో ఉన్నాయి. "ఫుస్, ఫుస్, ...., ఫుస్, ఫుస్, ...." అని మధ్యలో ఒకటి మింగేసినట్టు వినిపిస్తే ఒక ముఖం ఒత్తిడి పట్టడం లేదు. గేజీ లేని చోట చెవి చెప్పగలిగిన మాట ఇది. గల్ఫ్ నుంచి వచ్చే వీడియోలలో నేను మొదట చూసేది కాదు, వినేది ఇదే.

ప్లగ్గు మొహం చూసి చెప్పగలిగేది

ఒక్కో రోటార్‌కి రెండు ప్లగ్గులు, కిందది లీడింగ్, పైది ట్రెయిలింగ్. మొత్తం నాలుగు. స్టార్ట్ చేయడంలో బరువంతా లీడింగ్‌దే. ట్రెయిలింగ్ మాత్రమే పనిచేస్తూ లీడింగ్‌కి కరెంట్ రాకపోతే బండి అందుకోవడం కష్టం. పిస్టన్ ఇంజిన్ల అలవాటుతో ఏదో ఒక ప్లగ్గు తీసి "కరెంట్ వస్తోంది" అని తేల్చేస్తే ఇక్కడ పొరపాటు. నాలుగూ చూడాలి. ఆర్‌ఎక్స్-8లో నాలుగు ప్లగ్గులకూ కరెంట్ పంపే కాయిళ్లు నాలుగు, అవి బలహీనపడటం ఆ కారుకు బాగా తెలిసిన జబ్బు. కాయిల్ బలహీనమైతే పెట్రోలు కాలకుండా మిగిలిపోతుంది, అదే ఓవర్‌ఫ్లోకి దారితీస్తుంది. కాబట్టి ఓవర్‌ఫ్లోను ఆరబెట్టి బండి పంపించేస్తే సరిపోదు, కాయిల్ పాతదైతే వారంలో అదే కారు అదే రికవరీ బండి మీద తిరిగొస్తుంది.

పై ప్లగ్గు, కింది ప్లగ్గు ఒకటి కావు. ఆర్‌ఎక్స్-8కి ఎన్‌జీకే ప్లగ్గుల్లో వేడిని ఎంత వదులుతుందో చెప్పే అంకె లీడింగ్‌ది 7, ట్రెయిలింగ్‌ది 9. వైర్లు అటూ ఇటూ మార్చి తగిలించినా, ప్లగ్గులు తారుమారు చేసినా బండి అందుకోకపోవచ్చు, అందుకున్నా సరిగా నడవదు. ప్లగ్గు కొస గది లోపలికి పొడుచుకు రాదు, గోడలోని చిన్న రంధ్రం వెనక దాగి ఉంటుంది. ఏపెక్స్ సీలు ఆ రంధ్రం మీదుగా జారుకుంటూ పోవాలి మరి. దుకాణంలో దొరికిన పొడవాటి ప్లగ్గు ఏదో బిగించేస్తే సీలు దానికి తగిలి విరిగే ప్రమాదం ఉంది. అప్పటిదాకా లేని జబ్బును మనమే తెచ్చిపెట్టినట్టవుతుంది.

విప్పిన ప్లగ్గు తడిగా ఉండి పెట్రోలు వాసన వేస్తే రెండు అనుమానాలు: ఓవర్‌ఫ్లో, లేదా కరెంట్ లేకపోవడం. ఎంతసేపు సెల్ఫ్ కొట్టినా పొడిగానే ఉంటే పెట్రోలు రావడం లేదు. పంపు, ఫ్యూజు, దొంగ తాళానికి బండి అందుకోకుండా ఆపే ఇమ్మొబిలైజర్, షాఫ్ట్ తిరుగుడును కంప్యూటర్‌కి చెప్పే సెన్సర్, ఆ వరసలో వెతుకులాట సాగుతుంది. ఇక మూడోది, చాలామంది తప్పిపోయేది: తడిగా ఉంది గానీ పెట్రోలు వాసన లేదు, కాస్త తియ్యటి వాసన, వేలికి జిగటగా తగులుతుంది. అది కూలెంట్. రోటార్ హౌసింగుకూ దాని పక్క పలకలకూ మధ్య ఉండే నీటి సీలు పాడైతే రాత్రంతా నిలబడిన బండిలో కూలెంట్ గదిలోకి చేరుతుంది. ఉదయం మొరాయించి, అందుకున్నాక తెల్లటి పొగ గుప్పున వదిలి, డబ్బాలో కూలెంట్ తగ్గుతూ ఉంటే ఆ ఇంజిన్‌ని విప్పక తప్పదు. దీన్ని ఓవర్‌ఫ్లో అనుకుని ఆరబెట్టి పంపడం ఓనరుకు చేసే అన్యాయం.

ప్లగ్గులు తీసి సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆ రంధ్రాల్లోంచి పెట్రోలు మంచులా చిమ్ముతుంది. కాయిళ్ల కనెక్షన్ తీయకపోతే ఆ మంచు పక్కనే నిప్పురవ్వ. వీడియోలలో సరదాగా కనిపించే ఈ పని షెడ్డుల్లో మంటలు రేపగలదు.

కంప్రెషన్ అంకెలు: రెండు రకాల మోసం

ఆర్‌ఎక్స్-8కి మజ్దా చెప్పిన అంకెలివి. 250 చుట్ల వేగంలో కొత్త ఇంజిన్‌కి చదరపు సెంటీమీటరుకు 8.5 కేజీలు. కనిష్ఠం 6.9. ఒకే రోటార్ మూడు ముఖాల మధ్య తేడా 1.5 మించకూడదు. రెండు రోటార్ల మధ్య తేడా 1.0 మించకూడదు. అంటే ఒక ఇంజిన్ ఆరోగ్యం చెప్పడానికి ఆరు అంకెలు కావాలి, పక్కన వేగం కూడా రాయాలి.

మన షెడ్డుల్లో ఉండే మామూలు గేజీలో గాలి వెనక్కి రాకుండా ఆపే చిన్న వాల్వు ఉంటుంది. పిస్టన్ ఇంజిన్‌కి అది సరైనదే. రోటరీలో మాత్రం మూడు ముఖాలూ ఒకే రంధ్రం ముందు నుంచి వరసగా పోతాయి, గేజీ వాటిలో పెద్ద అంకెను పట్టుకుని నిలబడిపోతుంది. ఇదెంత ప్రమాదమో చూడండి. ఉదాహరణకి ఒక రోటార్ మూడు ముఖాలు 7.1, 4.0, 3.8 అనుకుందాం. మామూలు గేజీ 7.1 చూపిస్తుంది. కనిష్ఠం 6.9 కాబట్టి "ఇంజిన్ భేషుగ్గా ఉంది" అని తీర్పు. నిజానికి అందులో సీలు విరిగి ఉంది. గేజీ పక్కనున్న ఒత్తిడి వదిలే మీట నొక్కి పట్టుకుని, లేదా ఆ వాల్వు తీసేసి సెల్ఫ్ కొడితే ముల్లు మూడుసార్లు ఎగిరి పడుతూ కనిపిస్తుంది. అంకె కచ్చితంగా రాకపోయినా మూడుసార్లూ సమానంగా ఎగిరిందా లేదా తెలిసిపోతుంది. అసలైన అంకెలు కావాలంటే రోటరీ కోసమే చేసిన టెస్టరు కావాలి. అది మూడు ముఖాలనూ, వేగాన్నీ విడివిడిగా రాస్తుంది.

పై ఉదాహరణలో తగ్గినవి రెండు, అవి పక్కపక్కనున్నవి. ఏపెక్స్ సీలు రెండు ముఖాల మధ్య కాపలా కాస్తుంది కాబట్టి, అది విరిగితే దానికి రెండు పక్కలా ఉన్న ఖాళీలు రెండింటిలోనూ ఒత్తిడి పడిపోతుంది. అదే 7.2, 7.3, 5.4 అని ఒక్కటే తగ్గితే అనుమానం ఆ ముఖపు సైడ్ సీలు మీదికి వెళ్తుంది. తేడా 1.9 కాబట్టి పరిమితి దాటినట్టే.

రెండో మోసం దీనికి తలకిందులైనది, పిల్లల్ని ఎక్కువగా తికమక పెట్టేదీ ఇదే. ముందు రోటార్ 5.2, 5.1, 5.3. వెనక రోటార్ 5.0, 5.2, 5.1. ఆరూ కనిష్ఠం కంటే బాగా తక్కువ. చూడగానే ఇంజిన్ పని అయిపోయిందనిపిస్తుంది. కానీ రెండు ప్రశ్నలు మిగిలే ఉన్నాయి. వేగం ఎంత? 185 అని తేలిందనుకుందాం. 250కి చెప్పిన పరిమితిని 185కి అంటగట్టకూడదు. రెండోది, కొలిచినప్పుడు ప్లగ్గులు పెట్రోలుతో తడిసి ఉన్నాయా? ఉన్నాయి. అంటే కడిగేసిన సీళ్లను, నీరసంగా తిరిగే సెల్ఫ్‌తో కొలిచాం. ఆరు అంకెలూ ఇంత సమానంగా పడిపోవడం కూడా గమనించాలి. సీలు విరగడం ఒక చోట జరుగుతుంది, ఆయిల్ కడుక్కుపోవడం అన్ని చోట్లా జరుగుతుంది. బాగా తిరిగి అరిగిపోయిన ఇంజిన్ కూడా సమానంగానే తగ్గుతుంది కాబట్టి, ఈ ఒక్క కొలతతో తేల్చలేం.

అదే బండిని ఆరబెట్టి, లోపల రెండు మూడు చెంచాల ఆయిల్ వేసి, ఇంకో బండి నుంచి జంపర్ వైర్లు తగిలించి 255 వేగంలో కొలిస్తే 7.5, 7.4, 7.6 ఒకవైపు, 7.3, 7.5, 7.4 ఇంకోవైపు వచ్చాయనుకుందాం. బండి అందుకుంటుంది, నీలం పొగ వదులుతుంది, అది వేసిన ఆయిల్. అయితే ఈ అంకెలనూ పూర్తిగా నమ్మడం తొందరపాటే. ఆయిల్ అంకెను పెంచి చూపిస్తుంది. ఇంజిన్ వేడెక్కి, పొగ తగ్గి, కొన్ని కిలోమీటర్లు తిరిగాక మళ్లీ కొలిచినప్పుడు వచ్చేదే ఆ ఇంజిన్ అసలు అంకె. అప్పుడు 7.0 పైన నిలబడితే బతికిన ఇంజిన్, 6కి జారితే ఆయిల్ కప్పిపెట్టిన అరుగుదల.

చల్లగా అందుకుని, వేడిగా మొరాయిస్తే

ఉదయం ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. పెట్రోలు బంకులో ఆపి, అయిదు నిమిషాల తర్వాత తాళం తిప్పితే తిరుగుతూనే ఉంటుంది. గంట చల్లారితే మళ్లీ మామూలే. ఇది ఓవర్‌ఫ్లో కథ కాదు. వేడికి ఆయిల్ పల్చబడి సీలు దగ్గర పట్టు తగ్గుతుంది, వేడెక్కిన స్టార్టర్ కూడా నెమ్మదిస్తుంది. ఇంజిన్ కొత్తదైతే ఈ రెండింటినీ భరిస్తుంది. అరిగినది భరించలేదు. గల్ఫ్ ఎండలో ఈ లక్షణం ముందే బయటపడుతుంది. మెరుగైన స్టార్టర్, బలమైన బ్యాటరీ వేస్తే కొన్నాళ్లు గడుస్తుంది, ఆ తర్వాత ఇంజిన్ విప్పక తప్పదు. చల్లటి ఇంజిన్‌తో తీసిన కంప్రెషన్ అంకెలు ఈ అరుగుదలను దాచేస్తాయి కాబట్టి వేడి ఇంజిన్‌తో తీసినవే లెక్క.

ఆయిల్ పోయడం, తాడు కట్టి లాగడం: ఎవరి వాదన ఏమిటి

ఓవర్‌ఫ్లో బండిలో ప్లగ్గు రంధ్రంలోంచి ఆయిల్ వేయడాన్ని కొందరు మెకానిక్కులు మొదటి వైద్యంగా వాడతారు. ఆటోమేటిక్ గేరుబాక్సులో వాడే ఏటీఎఫ్ అనే ఆయిల్‌ని పోసేవాళ్లూ ఉన్నారు. పొర తిరిగి ఏర్పడాలంటే ఏదో ఒక ఆయిల్ కావాల్సిందే కదా అన్నది వాళ్ల వాదన, అది నిజం. వద్దనేవాళ్లకూ బలమైన కారణమే ఉంది. ఆయిల్ వేశాక అరిగిన ఇంజిన్ కూడా ఒక వారం మంచిదిగా నటిస్తుంది, అమ్మేవాడికి అది వరం. ఎక్కువ పోస్తే ప్లగ్గులు మళ్లీ మూసుకుపోతాయి. నాకు ఇద్దరి మాటలోనూ వైరుధ్యం కనిపించదు. వైద్యంగా అది మంచిది, పరీక్షగా అది చెడ్డది. ఆయిల్ వేసి తీసిన అంకెను ఆయిల్ వేసి తీసినట్టే రాయాలి.

తాడు కట్టి లాగడం, తోసి స్టార్ట్ చేయడం ఇంకో తగువు. మాన్యువల్ గేరు బండిలో అది సెల్ఫ్ కంటే ఎక్కువ వేగం ఇస్తుంది, మొండి ఓవర్‌ఫ్లోలు దానితో విడిన మాట వాస్తవం. అయితే లోపలి పెట్రోలంతా కాలకుండా సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి, ఇంజిన్ అందుకోగానే అక్కడ మండి దాన్ని ఎర్రగా కాల్చేస్తుంది. కింద ఎండుగడ్డి ఉంటే అంటుకోవచ్చు కూడా. ఒక్కసారి ఆపదలో వాడుకున్నది వేరు. ప్రతి ఉదయం తోస్తేనే అందుకునే బండి తన అరుగుదలను తానే చెబుతోంది.

పెట్రోలు ట్యాంకులో టూ-స్ట్రోక్ ఆయిల్ కలపాలా వద్దా అన్నది రోటరీ ఓనర్ల మధ్య ఎప్పటికీ తెగని వాదన. సీళ్లకు అదనపు రక్షణ అంటారు ఒకరు. కంపెనీ పంపు ఇచ్చినప్పుడు మళ్లీ ఎందుకు, ప్లగ్గులు మసిబారడానికి తప్ప, అంటారు ఇంకొకరు. సీలు జీవితకాలం గురించి వాదించుకోవడానికి అది మంచి విషయమే గానీ, ఈరోజు స్టార్ట్ కాని బండికి అందులో జవాబు లేదు.

ఓవర్‌ఫ్లో తీశాక ఒక పని చాలామంది మరిచిపోతారు. కొంత పెట్రోలు కిందికి దిగి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్ స్టిక్ తీసి వాసన చూస్తే తెలుస్తుంది. పల్చబడ్డ ఆ ఆయిల్‌నే పంపు మళ్లీ సీళ్లకు పోస్తుంది కాబట్టి, మార్చకపోతే వైద్యం సగమే.

స్టార్ట్ కాని బండిని చవకగా కొనే ముందు

స్టార్ట్ కాని ఆర్‌ఎక్స్-8 చవకగా దొరుకుతుంది. కొని, ఆరబెట్టి, అమ్మితే నాలుగు డబ్బులు మిగులుతాయని ఆశపడే మన కుర్రాళ్లు ఉన్నారు. అందులో తప్పేమీ లేదు, లాభపడ్డవాళ్లూ ఉన్నారు. అమ్మేవాడు "కంప్రెషన్ చూశాం, ఏడు ఉంది" అంటే ఆ మాటలో సమాచారం దాదాపు సున్నా. ఏ రోటార్? ఏ ముఖం? ఏ వేగంలో? వేడిగానా చల్లగానా? ఆయిల్ వేశాకా వేయకముందా? ఆరు అంకెలు, వేగం, ఇంజిన్ వేడి, ఈ మూడూ రాసిన కాగితం చూపించలేకపోతే ఆ బండిని విరిగిన సీలు ఉన్న బండిగానే లెక్కగట్టి ధర చెప్పడం న్యాయం. అమ్మేవాడు ఒప్పుకుంటే, ప్లగ్గు ఒకటి విప్పి, పెట్రోలూ కాయిళ్లూ ఆపి, అయిదు సెకన్ల వీడియో తీసుకోనివ్వమని అడగొచ్చు. దానికి కూడా ఒప్పుకోకపోతే బేరం అక్కడితో వదిలేయడమే మేలు.